ఒకే పంక్తి – ఒకే ప్రసాదము





మన ధర్మమున అష్టావరణములలో ప్రసాదమొకటి. షట్‌స్థలములలో మూడవది ప్రసాదిస్థలము. భక్తుడు మహేశుడై, మహేశుడు ప్రసాదియైన పిదపనే ప్రాణలింగిస్థలమునకు అర్హుడగునని పెద్దలు నిర్ణయించిరి. అనగా అన్నమును ఎట్లు స్వీకరింపవలెనో తెలియనివానికి పై మెట్టు దొరకదని భావము. “తినుట ఎవనికి తెలియదు?” అని మీరు నవ్వవచ్చును. నేనును అట్లే తలంచితిని. ఏబది ఏండ్లు దాటి, ముప్పది ఏండ్లు బడిపిల్లలకు పాఠములు చెప్పిన పిదప, తినుట నాకు తెలియదని ఒక వైద్యురాలు అడిగిన ప్రశ్నవలన తెలిసికొంటిని. ఆ సంగతి దాచుకొనక చెప్పుటకే ఈ ప్రసంగము.

వంటయింట పొయ్యిమీద ఉడుకునంతవరకు అన్నము పదార్థము. అర్పణము జరిగిన పిదపనే అది ప్రసాదమగును. ఆ ప్రసాదము మూడు విధములు. గురువునుండి లభించినది శుద్ధప్రసాదము, లింగమునకు అర్పించి పొందినది సిద్ధప్రసాదము, జంగమమునకు అర్పించి పొందినది ప్రసిద్ధప్రసాదము. ఈ మూడు మాటలను నేను ఎన్నో సభలలో వివరించితిని. వానిని మా వంటయింటి గడప దాటించుట మాత్రము మరచితిని.

గత శ్రావణమాసమున దాసోహమును గూర్చి ప్రసంగింపుమని మా ఊరి పెద్దలు నన్ను కోరిరి. మాది సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకొనియున్న ప్రాంతము. శరణులు నడయాడిన కళ్యాణ పట్టణము మాకు దూరము కాదు. గంటసేపు మాట్లాడితిని. అందరును మెచ్చుకొనిరి. ఆ సంతోషముతో ఇల్లు చేరి నేనును, నా కుమారుడును, ఏడేండ్ల మనుమడును భోజనమునకు కూర్చుంటిమి. మా కోడలు పెనముమీది జొన్నరొట్టెలను ఒక్కొక్కటిగా తెచ్చి వడ్డించుచుండెను. నాలుగవ రొట్టె తెచ్చుచు గడపవద్ద కన్నులు తిరిగి కూలబడెను.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసిరి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకుండ ఉండవలసిన చోట 8 గ్రాములే ఉన్నది. వైద్యురాలు మాత్రలు వ్రాసి, కలము ప్రక్కన పెట్టి మమ్ము అడిగెను: “నిన్న ఈమె ఏమేమి తిన్నది? ఎన్నిగంటలకు తిన్నది?”

నా కుమారుడు తల్లివైపు చూచెను. ఆమె నావైపు చూచెను. నా తరగతిలోని 42 మంది పిల్లలలో ఎవ్వనికి ఏ పాఠమున ఎన్ని మార్కులు వచ్చినవో చీటీ చూడకుండ చెప్పగలను. తొమ్మిదేండ్లుగా నాకు అన్నము పెట్టుచున్న బిడ్డ నిన్న ఏమి తిన్నదో చెప్పలేకపోతిని. చివరకు ఆమెయే సిగ్గుపడుచు చెప్పెను: “పొద్దుగాల చాయ తాగిన అమ్మా. పగటికి అందరు తిన్నంక మూడు గొట్టంగ ఇంత తొక్కేసుకొని తిన్న.”

ఆనాడు ఉదయమున దాసోహమును గూర్చి గంటసేపు చెప్పినవాడను నేనే.

బంధువులారా! ఇది నా ఒక్కని ఇంటి కథయైనచో మీకు విన్నవింపను. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనత కలవారు. దానికి కారణములు అనేకము. అందరును తిన్న పిదప గిన్నె అడుగున మిగిలినది తిను అలవాటు వానిలో ఒకటి. అది మన చేతిలో ఉన్న కారణము. కావున మూడు ప్రసాదములలో కడపటిదియైన ప్రసిద్ధప్రసాదమునుండియే మొదలుపెట్టెదను. మా ఇంట మొదట తప్పినది అదియే.

కళ్యాణమున శరణుల పంక్తి ఎట్టిదో తలంచుకొనుడు. బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య, త్రాడు పేను నులియ చందయ్య, చెప్పులు కుట్టు హరళయ్య – వీరందరు ఒకే గౌరవమునకు పాత్రులైరి. మంత్రిపదవిలోనున్న బసవన్న గృహము మహామనెయై శరణుల ఆకలి తీర్చెను. ఒక వచనమున ఆయన కాకిని, కోడిని మనకు ఆదర్శముగా చూపెను. గింజ దొరికినచో అవి తమవారిని పిలువక తినవు గదా! పంక్తినుండి జాతిభేదమును తొలగించిన ధర్మము మనది. అట్టి ధర్మమువారమైన మనము వంటయింటి గడపకు ఈవల పురుషులను, ఆవల స్త్రీలను కూర్చుండబెట్టి, అదియే ఆచారమనుకొంటిమి. జంగమమనగా మఠమునుండి వచ్చు స్వామివారు మాత్రమే అనుకొంటిమి. ఇంటిలో తిరుగాడుచు మన ఆకలి తీర్చు ప్రాణియందును శివచైతన్యమే కదలుచున్నదని తలంపమైతిమి.

ఆసుపత్రినుండి వచ్చిన రాత్రియే అందరము కలిసి తినవలెనని నిశ్చయించితిని. మాటలో సులభము, ఆచరణలో కష్టము. మా ఇల్లాలు వెంటనే ఒప్పుకొనలేదు. “మా అత్తగారు నన్ను ఏనాడైనను మీతో కూర్చుండి తిననిచ్చినదా?” అనెను. ఆ మాటలో ముప్పది ఏండ్ల ఆకలి వినబడి నేను తల వంచుకొంటిని. రెండవ కష్టము రొట్టెతో వచ్చినది. జొన్నరొట్టె పెనమునుండి నేరుగా కంచములోనికి వచ్చినప్పుడే రుచి. కావున రొట్టె చేయునది ఎప్పుడును కడపటనే తినును. ఆ వేడిని మేము కోరినంతకాలము ఆమెకు పంక్తి లేదు. చివరకు రొట్టెలన్నియు ముందే కాల్చి, బట్టలో చుట్టి బుట్టలో పెట్టి, పొయ్యి ఆర్పి అందరము కూర్చుండుటకు నిర్ణయించితిమి. రొట్టె కొంత మెత్తబడినమాట నిజము. మొదటివారము నేను లోలోపల సణుగుకొన్నమాటయు నిజము. ఆదివారములలో నా కుమారుడు తానే రొట్టె తట్టుటకు పూనుకొనెను. మొదటి రొట్టె పెనము చేరకముందే మూడు ముక్కలైనది. దానిని కోడలు నవ్వుచు తన కంచములో వేసికొనెను.

ఇక వడ్డన ఎవరు చేయుదురు? గిన్నెలన్నియు నడుమ పెట్టితిమి. ఎవరి ప్రక్కవారికి వారు వడ్డింతురు. ఇందులో ఒక మేలు కలదు. కూరగిన్నె నడుమ ఉన్నప్పుడు అందులో ఎంత ఉన్నదో, ఇంక ఎందరు తినవలెనో అందరికిని కనబడును. పురుషులు ముందు తిని లేచినప్పుడు గిన్నె అడుగు చూచునది ఒక్కతెయే. ఆమె చూచినదానిని ఎవరికిని చెప్పదు.

వైద్యురాలు చెప్పిన రెండు సంగతులు కూడ మీకు చెప్పవలెను. ఆకుకూరలు, పప్పులు తినునప్పుడు కొంత నిమ్మరసమో, ఉసిరికయో చేర్చినచో వానిలోని ఇనుము బాగుగ వంటబట్టును. భోజనముతో గాని, తినిన వెంటనే గాని చాయ త్రాగినచో ఆ ఇనుము వంటబట్టుట తగ్గును. మా కోడలు నెలల తరబడి మాత్రలు వాడినది. ఇప్పుడు ఆరోగ్యముగ ఉన్నది. మాత్రలు చేసిన మేలును నేను తక్కువ చేయను. ఎవరికైనను అలసట, కన్నులు తిరుగుట ఉన్నచో వెంటనే వైద్యుని చూడవలెను. అయితే మరల ఆ స్థితి రాకుండుటకు ఇంటి పంక్తి తోడ్పడవలెను.

ఇక సిద్ధప్రసాదము. లింగార్పణము చేయక నోట ముద్ద పెట్టరాదని మన నియమము. పెద్దలు ఇందు సూక్ష్మమొకటి చెప్పిరి. ఇష్టలింగమునకు రూపమును, ప్రాణలింగమునకు రుచిని, భావలింగమునకు తృప్తిని అర్పింపవలెను. రూపము, రుచి, తృప్తి – ఈ మూడును మనస్సు అన్నముమీద ఉన్నప్పుడే కలుగును. మా మనుమడు ఎడమచేత ఫోను పట్టుకొని, కన్నులు దానిపైనుంచి తినుచుండెడివాడు. కంచములో ఏమున్నదో చూడడు గనుక రూపము లేదు. నాలుకకు తగిలినది తెలియదు గనుక రుచి లేదు. కడుపు నిండినది తెలియదు గనుక తృప్తి లేదు. తిని లేచిన అరగంటకే ప్యాకెట్టు చిరుతిండ్లకు మారాము చేయును. వానిని నేను కోపపడితిని. ఆ సమయమున నా ఎదుట టీవీలో వార్తలు వచ్చుచుండెను!

కడుపు నిండిన సంగతి మెదడునకు చేరుటకు సుమారు 20 నిమిషములు పట్టునని వైద్యులు చెప్పుదురు. పది నిమిషములలో తిని లేచువానికి తృప్తి కలుగకముందే రెండవమారు వడ్డన జరుగును. నలుగురు కూర్చుండి, నాలుగు మాటలాడుకొనుచు, ఒకరికొకరు వడ్డించుకొనుచు తినునప్పుడు ఆ 20 నిమిషములు తమంతట తామే గడచును. ఇప్పుడు మా ఇంట భోజనవేళ ఫోనులన్నియు అలమరలో ఉండును. మొదటిది నాదే. అందరము కన్నులు మూసి, శివపంచాక్షరిని స్మరించి, ఆపై ముద్ద తీసికొందుము. భోజనవేళ పరీక్షల మార్కులు, అప్పులు, తగవులు ఎత్తరాదని నియమము పెట్టుకొంటిమి. ఆ నియమమును ఎక్కువమారులు తప్పినవాడను నేనే. బడిపంతులకు మార్కులు మరచుట కష్టము.

పిల్లలకు రుచి నేర్పుటయు ఇక్కడనే జరుగును. మా మనుమడు పుంటికూరను తాకెడివాడు కాడు. బలవంతము చేయవలదని నిశ్చయించితిమి. పుంటికూర పప్పు వండినప్పుడెల్ల వాని కంచములో చిటికెడు పెట్టి ఊరకుంటిమి. మేము మాత్రము ఇష్టముగ తింటిమి. క్రొత్త రుచి పిల్లలకు అలవడుటకు పది పదిహేను మారులు వారి ఎదుట పెట్టవలసివచ్చునని పోషకాహార నిపుణులు చెప్పుదురు. మేము లెక్కపెట్టలేదు. ఒకనాడు వాడు వ్రేలితో నాకి చూచెను. మరియొకనాడు రొట్టెముక్కను అద్దుకొని తినెను. ఇప్పుడు అడిగి వేయించుకొనుచున్నాడు. వానికి పుంటికూర మంచిదని నేను పలుమారులు ఉపన్యసించితిని. అది పని చేయలేదు. తల్లి తన ప్రక్కన కూర్చుండి ఆ కూరనే కమ్మగా తినుట చూచి నేర్చుకొనెను. పెద్దల కంచమే పిల్లల పాఠ్యపుస్తకము.

ఆ పుస్తకమున తప్పులున్నచో అవియు వారికి వచ్చును. నేను మజ్జిగలో, పప్పులో పైనుండి ఉప్పు వేసికొనువాడను. ఒకనాడు వాడును చేయి చాచి, “తాతా, నాకు గూడ ఉప్పు” అనెను. పెద్దవారికైనను దినమునకు 5 గ్రాములకు మించి, అనగా ఒక చిన్నచెంచాకు మించి ఉప్పు పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆనాటినుండి ఉప్పుగిన్నె పంక్తిలోనికి వచ్చుట మానినది. రక్తపోటుకు మాత్ర మ్రింగుచున్న నేను వైద్యుడు చెప్పినప్పుడు మానలేదు, మనుమడు చేయి చాచినప్పుడు మానితిని.

మూడవది శుద్ధప్రసాదము. శుద్ధమనగా కాయకముచేత ఆర్జింపబడినది, మితమైనది, గురువు చెప్పిన మార్గమున వండబడినది అని నేను అన్వయించుకొందును. పాల్కురికి సోమనాథ కవి తన బసవపురాణమున మాదార చెన్నయ్య కథను చెప్పెను. చోళరాజు పంచభక్ష్యములు అర్పించుచుండగా, శివుడు ఆ నిరుపేద భక్తుని అంబలిని మెచ్చి ఆరగించెను. ఈ కథలో భక్తి మహిమయే ముఖ్యము. అయినను అంబలిని చిన్నచూపు చూచు మనకు ఇందొక బుద్ధి కలదు. మా తండ్రి జొన్నగటక, తైదంబలి త్రాగి పొలము దున్నెను. నాకు ఉద్యోగము వచ్చిన పిదప మా ఇంట మూడు పూటలు తెల్లన్నమే గౌరవమైనది. తైదలనగా రాగులే. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం కలదు. బియ్యములో ఉండునది అందులో చాల స్వల్పభాగము. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగ ప్రకటించినది. మన అవ్వల కుండలలో ఉన్నదానినే ప్రపంచము వెదకికొనుచున్నది. మన నేలలో పండు జొన్న, కొర్ర, కంది, సెనగ, పెరటి ఆకుకూర, ఒక పండు, కొంత పెరుగు – ఇవి కలిసిన భోజనమునకు పెద్ద ఖర్చు లేదు.

మితమును గూర్చి ఆయ్దక్కి లక్కమ్మకంటె మనకు వేరొక గురువు అక్కరలేదు. ఆమె భర్త మారయ్య కళ్యాణమున రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట కాయకముగ గలవాడు. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెను. అంత ఆశ మనకేల, అధికమైనది మరల అక్కడనే పోసి రమ్మని ఆ యిల్లాలు భర్తను పంపెను. దాసోహమునకైనను కావలసినదానికి మించి తీసికొనరాదని ఆమె మతము. మన కంచములకు ఈ కథ చాలును. మొదట కొంచెమే వడ్డించుకొని, కావలెనన్నచో మరల అడుగవలెను. ప్రసాదమును కంచములో విడుచుట మన ఆచారము కాదు. అట్లని వద్దన్నను కొసరి కొసరి వడ్డించి, పారవేయరాదని బలవంతముగ తినిపించుటయు ధర్మము కాదు. ప్రేమ గలవారు ప్రక్కవాని ఆకలిని అడిగి తెలిసికొందురు.

“ఇవన్నియు బాగున్నవి. మా ఇంట ఒకడు రాత్రి పాళీకి పోవును, ఒకతె బస్సులో వచ్చుసరికి తొమ్మిదగును. ఎట్లు కలిసి తిందుము?” అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. మా కుమారుడు కూడ కర్మాగారమున పాళీలు మారుచు పని చేయువాడే. దినమునకు ఒక్క పూట చాలును. ఆ పూట ఉదయమైనను సరియే. అదియు సాగనిచో సోమవారము రాత్రి ఒక్కటి శివునిపేర నిలుపుకొనుడు. ఇంట ఒంటరిగ ఉన్న వృద్ధులకు పంక్తి ఎక్కడిది? ప్రక్కింటివారే వారి పంక్తి. వారమునకొకమారు వారిని పిలిచి సరసన కూర్చుండబెట్టుకొనుడు. గిన్నె పంపుటకంటె అది మేలు. ముసలితనమున ఆకలి సగము ఒంటరితనముచేతనే చచ్చును.

తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులు శ్రీ శివకుమార స్వామివారి సంగతి మీరెరుగుదురు. వేలాది పిల్లలకు అన్నము, ఆశ్రయము, విద్య ఇచ్చిన ఆ మహనీయులు 2019 జనవరి 21వ తేదీన, తమ 111 ఏండ్ల వయస్సున లింగైక్యులైరి. పిల్లల మధ్యాహ్నభోజనము ముగిసిన పిదపనే ఆ వార్తను వెల్లడించిరని, అది స్వామివారి కోరికయేనని ఆనాటి పత్రికలలో చదివితిమి. తన మరణవార్త వలన ఒక్క బిడ్డయైనను కంచము ముందునుండి ఆకలితో లేవరాదని వారి తలంపు. మఠమున వేలమందికి వారు చేసినదానిని మనము ఇంట అయిదుగురికి చేయలేమా?

కావున ఈ త్రైమాసికము చదువు ప్రతి గృహమును నేను వేడుకొనునది ఇంతియే. దినమున ఒక్క పూట అందరును ఒకే పంక్తిని కూర్చుండుడు. వండిన చేయి కూడ ఆ పంక్తిలో ఉండవలెను. లింగస్మరణముతో మొదలుపెట్టి, ఫోనును, టీవీని దూరముంచి, మితముగ వడ్డించుకొని, మెల్లగ తినుడు. మీ పిల్లలు ఏమి తినవలెనని కోరుదురో దానిని మీరు వారి ఎదుట తినుడు.

మొన్న ఒక రాత్రి మేము కూర్చుండగా కోడలు మజ్జిగ తెచ్చుటకు లోనికి పోయెను. నేను మరచి చేయి కంచములో పెట్టబోతిని. మనుమడు నా చేయి పట్టుకొని కంచములను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కించి, “తాతా, అమ్మ కంచమేదీ?” అని అడిగెను. గంటసేపు నేను చేసిన ప్రసంగమంతయు ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడినది. మీ ఇండ్లలో కూడ ఒక బిడ్డ ఆ ప్రశ్న అడుగుగాక! ఆ కంచము వచ్చువరకు మనమందరము ఆగుదుముగాక!